పరాయి ఊళ్లో అద్దె గది

1907లో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రిగా ఉన్న జాన్ మోర్లీ ఒక కమిటీ వేశాడు. ఇంగ్లండులో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల సంగతేమిటో తేల్చమని దానికి పని అప్పగించాడు. అధ్యక్షుడు విలియం లీ-వార్నర్. అప్పటికి అక్కడున్న మన విద్యార్థులు సుమారు 700 మంది. అంత పెద్ద సామ్రాజ్యం ఉలిక్కిపడాల్సిన సంఖ్యేమీ కాదది. అయినా ఆ కుర్రాళ్లు ఎక్కడ దిగుతున్నారు, ఎవరితో తిరుగుతున్నారు, వాళ్ల మంచిచెడ్డలు చూసే పెద్దదిక్కు ఎవరైనా ఉన్నారా, రాజద్రోహపు మాటలు వాళ్ల చెవిన ఎలా పడుతున్నాయి అని కమిటీ సాక్షులను పిలిచి వాకబు చేసింది. నివేదిక చేతికొచ్చాక ప్రభుత్వం దాన్ని బయటపెట్టలేదు. 1922లో, ఇదే విషయం మీద తర్వాత వేసిన లిట్టన్ కమిటీ నివేదికతో పాటు గాని అది అచ్చుకు నోచుకోలేదు. విద్యార్థుల బస గురించిన కాగితాలను పదిహేనేళ్లు దాచిపెట్టారంటే, ఆ బసలో రాజకీయం ఉందని పాలకులు గుర్తించినట్టే. ఈ విషయాన్ని వాళ్లు పట్టుకున్నంత గట్టిగా మన చరిత్ర రచన పట్టుకోలేదనే నా అభిప్రాయం.

మన పాఠ్యపుస్తకాలు చెప్పే కథ వేరు. మనవాళ్లు సీమకెళ్లారు, జాన్ స్టువర్ట్ మిల్లునీ బర్కునీ మాజినీనీ చదివారు, స్వేచ్ఛ అంటే ఏమిటో తెలుసుకున్నారు, తిరిగొచ్చి ఆ స్వేచ్ఛే మాకూ కావాలన్నారు. ఈ కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. పాలకులకూ ఇందులో కాస్త గౌరవం దక్కుతుంది, విత్తనం తామే ఇచ్చామని చెప్పుకోవచ్చు. కానీ మిల్లు మద్రాసు కాలేజీల్లోనూ పాఠమే. బర్కు ఉపన్యాసాలను కంఠతా పట్టిన వకీళ్లు మన జిల్లా కోర్టుల్లో ఎందరో ఉండేవారు. పుస్తకమే కారణమైతే ఓడ ఎక్కాల్సిన పని లేదు. ఓడ దిగాక అదనంగా ఎదురైందేమిటో చూడాలి. గది వెతుక్కోవడం, తిండి దొరక్కపోవడం, పని చేసి ఫీజు కట్టుకోవడం, వీధిలో కనబడేవాళ్లను చూడటం అదనంగా ఎదురయ్యాయి. రాజకీయ చైతన్యం అని మనం పిలిచేది చాలామందిలో ఇక్కడ మొదలైంది. అంతేకాదు, ఎవరికి ఎలాంటి గది, ఎలాంటి పని దొరికిందో దాన్నిబట్టే వాళ్ల రాజకీయం రూపం కట్టింది.

మద్రాసులోనో రాజమండ్రిలోనో చదువుకునే కుర్రవాడు బంధువుల ఇంట్లోనో తన కులం వాళ్ల హాస్టల్లోనో ఉండేవాడు. పొయ్యి దగ్గర ఎవరుండాలో, పంక్తిలో పక్కన ఎవరు కూర్చోవాలో ముందే తేలిపోయి ఉండేది. లండన్‌లో పూటకూళ్లు పెట్టే ఇంటావిడకు తెలుగువాడు, బెంగాలీ, పంజాబీ, మరాఠీ అన్న తేడా పట్టదు. ఆమెకు అందరూ ఒకటే. గది ఇస్తే అందరికీ ఇస్తుంది, లేదంటే అందరికీ తలుపు వేస్తుంది. ఏ జాతీయవాది ఉపన్యాసమూ చేయలేని పనిని ఆ తలుపు చేసింది. నాలుగు భాషల వాళ్లను ఒకే మెట్టు మీద నిలబెట్టింది. దానికి తోడు ఇంకొకటి జరిగింది. మన జిల్లాల్లో తెల్లవాడంటే కలెక్టరు, జడ్జి, మిషనరీ. లండన్ వీధుల్లో తెల్లవాడు రోడ్డు ఊడుస్తూ, బూట్లు తుడుస్తూ, తాగి గోడవార పడిపోయి కనిపించాడు. దూరం ఉన్నంతకాలం నిలిచిన దర్పం దగ్గరగా చూస్తే నిలవలేదు. అవమానమూ, భయం వదలడమూ ఒకే ఊళ్లో, ఒకే వారంలో జరిగాయి. విడివిడిగా అయితే ఈ రెండూ అంత పని చేసేవి కావు.

తిండి సంగతి గాంధీ ఉదంతమే చెబుతుంది. 1888లో లండన్ చేరిన గాంధీకి మొదట పట్టుకున్న బెంగ స్వరాజ్యం కాదు, మాంసం లేని భోజనం. వెతగ్గా వెతగ్గా ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల కనబడింది. అక్కడినుంచి శాకాహార సంఘం, ఆ సంఘం కార్యవర్గంలో సభ్యత్వం, వాళ్ల పత్రికలో వ్యాసాలు. సభ ఎలా జరపాలి, తీర్మానం ఎలా పెట్టాలి, అల్పసంఖ్యలో ఉండి నవ్వులపాలయ్యే ఒక మాటను పట్టుదలగా ఎలా నిలబెట్టాలి అన్నవన్నీ ఆయన అక్కడే మొదటిసారి నేర్చాడు. ఆ సంఘంలో దొరికిన ఇంగ్లిషు మిత్రుల్లో సామ్రాజ్యాన్ని సందేహించేవాళ్లూ ఉన్నారు. కడుపాకలి తీర్చుకోబోయి రాజకీయపు తొలిపాఠాలు దిద్దుకున్నాడు.

ఈ సూత్రాన్ని అందరికంటే ముందు పసిగట్టి వాడుకున్నవాడు శ్యామ్‌జీ కృష్ణవర్మ. 1905 జనవరిలో ఇండియన్ సోషియాలజిస్ట్ పత్రిక మొదలుపెట్టి, అదే ఏడాది జూలై 1న హైగేట్‌లోని 65, క్రామ్‌వెల్ అవెన్యూలో ఇండియా హౌస్ తెరిచాడు. పత్రిక ఒక్కటీ నడిపితే చందాదారులు దొరికేవారు. హాస్టలు పెట్టాడు కాబట్టి మనుషులు దొరికారు. పాతికమంది ఉండే చోటు, మన తిండి, ఆదివారం సభలు. స్కాలర్‌షిప్పు తీసుకున్నవాళ్లు బ్రిటిష్ సర్కారు కొలువు చేయకూడదన్నది షరతు. 1906లో సావర్కర్ అలాంటి స్కాలర్‌షిప్పుతోనే వచ్చి చేరాడు. హైదరాబాదులో పుట్టిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడి తమ్ముడు, ఐసీఎస్ కోసమని లండన్ వచ్చి ఆ ఇంటికి రాకపోకలు సాగించాడు. 1909లో బారిస్టర్ల సంస్థ మిడిల్ టెంపుల్ నుంచి బహిష్కృతుడయ్యాడు, యుద్ధకాలంలో బెర్లిన్ కమిటీని నడిపాడు, చివరికి మాస్కోలో స్టాలిన్ కాలపు వేటుకు బలయ్యాడు. ఇక మదన్‌లాల్ ధింగ్రా. 1909 జూలై 1న అతను కాల్చి చంపిన కర్జన్ వైలీ ఇండియా ఆఫీసులో పెద్ద అధికారి, భారతీయ విద్యార్థుల మీద కన్నేసి ఉంచినవాడు. హత్య జరిగిన చోటు ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్. సందర్భం నేషనల్ ఇండియన్ అసోసియేషన్ వారి సాయంత్రపు విందు, మన విద్యార్థులూ ఇంగ్లిషు పెద్దలూ కలిసిమెలిసి మాట్లాడుకోవడానికి పెట్టినది. ఆదరణ ముసుగులో సాగిన నిఘా మీద పేలిన తుపాకీ అది. హత్యను సమర్థించనక్కర్లేకుండానే ఈ సంగతి గమనించవచ్చు.

ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. ధింగ్రాను ఆగస్టు 17న ఉరితీసింది, అది సరే. అదే ఏడాది విద్యార్థుల కోసం ఒక సమాచార కార్యాలయం పెట్టి, అలీగఢ్‌లోనూ లాహోర్‌లోనూ పాఠాలు చెప్పిన థామస్ ఆర్నాల్డును సలహాదారుగా కూర్చోబెట్టింది. 1910లో 21, క్రామ్‌వెల్ రోడ్డులో కొత్తగా దిగిన విద్యార్థులకు గదులు ఏర్పాటు చేసింది. విప్లవకారుల హాస్టలూ సర్కారు హాస్టలూ రెండూ క్రామ్‌వెల్ పేరిట ఉన్న వీధుల్లోనే వెలిశాయి. ఎవరూ కావాలని చేసింది కాదు గాని, తలచుకుంటే నవ్వొస్తుంది. హాస్టలుకు జవాబు హాస్టలే అని సర్కారు అర్థం చేసుకుంది. అయితే ఆ గదుల్లో దిగితే మన పేరు ఇండియా ఆఫీసు పుస్తకాల్లోకి ఎక్కుతుందని విద్యార్థులూ అర్థం చేసుకున్నారు. బారిస్టరు చదువుకు ఇక మీదట యోగ్యతాపత్రాలు కావాలన్నారు. దాంతో కొందరు లండన్ వదిలి పక్క దీవి ఐర్లండుకు దారి పట్టారు.

ఆ పక్క దీవికి వెళ్లినవాళ్లలో బరంపురం కుర్రవాడు వరాహగిరి వెంకటగిరి ఉన్నాడు. బరంపురం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1913లో పందొమ్మిదేళ్ల వయసులో గిరి డబ్లిన్ చేరి యూనివర్సిటీ కాలేజీలోనూ కింగ్స్ ఇన్స్‌లోనూ న్యాయశాస్త్రానికి చేరాడు. ఆ ఏడాది డబ్లిన్ అంటే మామూలు డబ్లిన్ కాదు. ఆగస్టు 26న ట్రామ్ కార్మికులు బండ్లను నడివీధిలో ఆపి దిగిపోయారు. జిమ్ లార్కిన్ యూనియన్లో ఉన్నవాళ్లకు పని లేదని యజమానులు గేట్లకు తాళాలు వేశారు. ఇరవై వేలమంది దాకా పని పోగొట్టుకున్నారు. 1914 జనవరి దాకా ఊరు పస్తులుంది. పోలీసుల లాఠీల నుంచి కార్మికులను కాపాడుకోవడానికి ఆ నవంబరులో పుట్టిన సిటిజన్ ఆర్మీయే, రెండున్నరేళ్ల తర్వాత కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ వెంట తిరుగుబాటులో నడిచింది. కింగ్స్ ఇన్స్ ఉన్న చోటు చూస్తే ఇంకా తెలుస్తుంది. దాని ఒక గుమ్మం హెన్రియెట్టా వీధి చివర ఉంటుంది. ఒకప్పుడు ప్రభువులు కట్టించుకున్న మేడల వీధి అది. 1911 జనాభా లెక్కల నాటికి అక్కడి 15 ఇళ్లలో 835 మంది ఉంటున్నారు. ఒక్కో గదిలో ఒక్కో సంసారం. న్యాయశాస్త్రం చదవడానికి వచ్చిన విద్యార్థి ఆ గుమ్మాన వెళ్తే ఆ సంసారాల మధ్యనుంచే నడిచి వెళ్లాలి. తెల్లవాళ్లలో పేదలుంటారని లండన్ చూపిస్తే, తెల్లవాళ్లలో పాలితులూ ఉంటారని డబ్లిన్ చూపించింది.

1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం, తిరుగుబాటు లేచింది. ఆరు రోజుల్లో అణచివేశారు. మే 3న కాల్చి చంపిన మొదటి ముగ్గురిలో ఒకడు థామస్ మెక్‌డొనా, గిరి చదివిన కాలేజీలో ఇంగ్లిషు చెప్పే అధ్యాపకుడు. మే 12న కానలీని, గాయాలతో నిలబడలేని మనిషిని, కుర్చీకి కట్టి కాల్చారు. ఆ జూన్‌లో గిరి బారిస్టరై, దేశం విడిచి వెళ్లమన్న ఆజ్ఞతో ఇంటిదారి పట్టాడు. తిరుగుబాటు నాయకులతో తనకు దగ్గరి పరిచయం ఉండేదని ఆయన ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లకు అచ్చయిన ఆత్మకథలో రాసుకున్నాడు. డబ్లిన్ కాగితాలు తిరగేసిన చరిత్రకారులకు అంత సాన్నిహిత్యానికి ఆధారాలు పెద్దగా దొరకలేదు. కాబట్టి ఆ భాగాన్ని జాగ్రత్తగా చదవాలి. కానీ నా వాదనకు ఆ పరిచయం అవసరం లేదు. కానలీతో కరచాలనం చేయకపోయినా డబ్లిన్ వీధిలో మూడేళ్లు నడిచాడు, అది చాలు. తిరిగొచ్చిన బారిస్టర్లలో ఎందరో కాంగ్రెస్‌లో చేరారు. వాళ్లలో రైల్వే కూలీల యూనియన్ కట్టుకున్నవాళ్లు ఎందరు? గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మధ్య పనిచేశాడు, 1926లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు, 1937లో మద్రాసులో కార్మిక మంత్రి అయ్యాడు, 1952లో కేంద్రంలో అదే శాఖ చేపట్టి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం సవరించిందని 1954లో రాజీనామా ఇచ్చి బయటికొచ్చాడు. ఆ తర్వాత చేపట్టిన రాష్ట్రపతి పదవికంటే ఆ రాజీనామాలోనే డబ్లిన్ ఎక్కువ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, గట్టిదే. వీళ్లు అక్కడికెళ్లి మేల్కొన్నారా, మేలుకొనే వెళ్లారా? 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో మాట్లాడాక ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం అన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటివాళ్లు చదువు పోగొట్టుకున్నారు. వాళ్లెవరూ ఓడ ఎక్కలేదు. చట్టోపాధ్యాయ ఇంటి సంగతీ అంతే. తండ్రి అఘోరనాథ్ 1883లోనే చాందా రైల్వే వ్యవహారంలో నోరు విప్పి హైదరాబాదు నుంచి వెళ్లగొట్టించుకున్నాడు. సావర్కర్ నాసిక్‌లోనే రహస్య సంఘం పెట్టి వచ్చాడు. నిజమే. నిప్పు ఇక్కడ ముట్టింది. పరదేశపు జీవితం దాన్ని పుట్టించిందని నేను అనడం లేదు, దాని రూపం మార్చిందంటున్నాను. రాజమండ్రి విద్యార్థికి ఎదుట కనబడేది ఒక ప్రిన్సిపాలు, ఒక కలెక్టరు. ఆ కోపానికి కూలీవాడు అవసరం లేదు, ఐరిష్‌వాడు తెలియదు. బయటికెళ్లిన విద్యార్థికి తన గొడవ ఇంకెవరి గొడవలతో కలుస్తుందో కనబడింది.

కాలిఫోర్నియాలో ఇది మరీ స్పష్టం. ఇంగ్లండు వెళ్లినవాడికి నెలనెలా ఇంటినుంచి డబ్బొచ్చేది. అమెరికా పడమటి తీరానికి వెళ్లినవాడు చాలాసార్లు అంట్లు తోమి, సెలవుల్లో తోటల్లో పండ్లు కోసి ఫీజు కట్టుకోవాల్సిందే. ఆ తోటల్లో, కోతమిల్లుల్లో అతని పక్కన నిలబడినవాళ్లు పంజాబు రైతులు. 1907 సెప్టెంబరు 4న అదే తీరాన, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్లమూక వాళ్లను బసల్లోంచి ఈడ్చి ఊరు దాటించింది. కూలీకి చదువు రాదు, చట్టం తెలియదు, కానీ చేతిలో డాలర్లు ఉన్నాయి. విద్యార్థికి చదువుంది, డాలర్లు లేవు. స్టాక్టన్ దగ్గర బంగాళాదుంపలు పండించే జ్వాలాసింగ్ 1912లో తన సొమ్ముతో విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు పెట్టాడు. 1913లో గదర్ పార్టీ పుట్టినప్పుడు అధ్యక్షుడు కోతమిల్లులో పనిచేసిన సోహన్‌సింగ్ భక్నా, పత్రిక నడిపింది ఆక్స్‌ఫర్డ్ స్కాలర్‌షిప్పు వదిలేసిన హర్‌దయాళ్, దాని వెనక చాకిరీ చేసినవాళ్లలో బర్కిలీకి చదువుకోసం వచ్చిన కర్తార్‌సింగ్ సరభా. అతన్ని 1915 నవంబరు 16న లాహోర్‌లో ఉరితీశారు. పందొమ్మిదేళ్లవాడు. ఆ బృందంలో మన కనిగిరి మనిషి దరిశి చెంచయ్య ఉన్నాడు. గదర్ పార్టీలో చేరి, యుద్ధకాలంలో పట్టుబడి ఏళ్లతరబడి జైళ్లలో మగ్గి, తర్వాత సంఘసంస్కరణలో పడ్డాడు. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ తెలుగులో ఉంది. బారిస్టర్ల ఆత్మకథలు చదివినంతగా మనం దాన్ని చదవలేదు. మన జాతీయోద్యమ చరిత్రలో కోర్టు గుమ్మానికున్న విలువ కోతమిల్లుకు ఇవ్వలేదనడానికి ఇదీ ఒక గుర్తు.

అదే 1913 జూలైలో ఇంకొక విద్యార్థి న్యూయార్క్‌లో దిగాడు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్పుతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వచ్చిన భీమ్‌రావ్ అంబేడ్కర్. హాస్టల్లో ఒక పార్సీ మిత్రుడితో గది పంచుకున్నాడు, అందరితో కలిసి తిన్నాడు. 1916 మే 9న, డబ్లిన్‌లో కాల్పులు ఇంకా ముగియకముందే, గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక గురించి పత్రం చదివాడు. లండన్ తలుపు వేసుకోవడం చూసి జమీందార్ల, వకీళ్ల కొడుకులు భగ్గుమన్నారు, ఎందుకంటే అంతకుముందు వాళ్లకు ఏ తలుపూ వేసుకోలేదు. అంబేడ్కర్ విషయంలో అంతా తలకిందులు. ఆయనకు పరాయి దేశంలో గది దొరికింది. 1917 సెప్టెంబరులో బరోడాలో ఉద్యోగానికి వస్తే, హిందువుల వసతిగృహంలో చోటుండదని ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని దిగాల్సొచ్చింది. కొద్దిరోజుల్లోనే కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చేయించింది. అయిదేళ్లు బయట గడిపేసరికి తాను అంటరానివాడినన్న స్పృహే పోయిందని, బరోడా స్టేషన్లో దిగగానే అది తిరిగొచ్చిందని ఆయనే రాశాడు. అద్దె గది రాజకీయం నేర్పుతుందన్న మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. లండన్ అవమానాన్ని జీవితమంతా మరవని పెద్దమనుషుల్లో చాలామంది, తమ ఊళ్లో తమ ఇంటి తలుపు ఎవరికి వేసి ఉందో చూడలేదనడానికీ ఇదే సాక్ష్యం. ఆ మేల్కొలుపు సగంలో ఆగిపోయింది.

ఎక్కువమంది అసలు మేల్కొననే లేదు కదా అని ఇంకొకరు అడగవచ్చు. పట్టా పుచ్చుకుని, పార్కర్ పెన్నో ఫెల్ట్ టోపీయో కొనుక్కుని, తిరిగొచ్చి ప్రాయశ్చిత్తం చేయించుకుని, ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ. కాదనను. అయితే ఎవరు మేల్కొన్నారో ఓడ దిగిన రోజే తేల్చలేం. టంగుటూరి ప్రకాశం 1904లో లండన్ వెళ్లి, దాదాభాయి నౌరోజీ ఎన్నిక కోసం తిరిగి, 1907లో బారిస్టరుగా వచ్చి మద్రాసులో బ్రహ్మాండంగా సంపాదించాడు. 1910లో ఎవరైనా లెక్కవేసి ఉంటే ఆయన్ను నిద్రపోయేవాళ్ల పద్దులోనే రాసేవారు. 1921లో ప్రాక్టీసు వదిలాడు, 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము విప్పి నిలబడ్డాడు. దానంతటికీ లండనే కారణమనడం అతి అవుతుంది. లండన్ ఏమీ చేయలేదనడమూ అంతే తప్పు. గడువు పెట్టి కొలిచే విషయం కాదిది.

సాక్ష్యాల సమస్య మాత్రం నిజంగా ఉంది. ఆత్మకథలు పెద్దవయసులో రాసినవి. గెలిచిన ఉద్యమం వెలుగులో కుర్రతనాన్ని చూసి రాసినవి. ఎవరిని కలిశాం, ఏ సభలో ఏం మాట్లాడాం అన్న దగ్గర జ్ఞాపకం తనకు అనుకూలంగా సర్దుకుంటుంది. గది అద్దె, తోమిన అంట్లు, దొరకని అన్నం లాంటి చోట్ల అబద్ధమాడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. చెంచయ్య పుస్తకమైనా గిరి పుస్తకమైనా ఆ పేజీలే ఎక్కువ నమ్మదగినవి. ఇవాళ అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో వేలకొద్దీ తెలుగు పిల్లలు చదువుకుంటున్నారు. పంచుకున్న గదులు, బంకుల్లో, హోటళ్లలో పని గంటలు, వీసా గడువులు వాళ్ల రోజులను నడిపిస్తున్నాయి. వాళ్లలో రాసే అలవాటున్నవాళ్లకు ఒక విన్నపం. ట్రంపు గురించీ మోదీ గురించీ మీ అభిప్రాయాలు తర్వాత రాయవచ్చు. ముందు గది అద్దె ఎంతో, ఎవరితో పంచుకున్నారో, గంటకు ఎంతిచ్చారో, ఎవరు ఇల్లు ఇవ్వనన్నారో, మీరే ఎవరిని మీ గదిలోకి రానివ్వలేదో తారీఖుతో సహా రాసి పెట్టండి.